రెండు సుడుల కేసు

జూన్ 15, సోమవారం

ఇంకా పదమూడు రోజులు.

ఎనిమిదో కొండ ఈ నెల 28న సాయంత్రం ఆరు లోపల భూమికి తగులుతుందని ఈరోజు టీవీలో ఖాయం చేశారు. అంతరిక్షంలోంచి వచ్చే ఆ బండకు సైంటిస్టులు పెట్టిన పేరు లారీ నంబరులా ఉంటుంది, ఎవరికీ నోరు తిరగలేదు. తిరుపతిలో మాత్రం మొదటి రోజే పేరు కుదిరింది. మనకు ఏడు కొండలున్నాయి, వచ్చేది ఎనిమిదోది.

దీనివల్ల లాభపడిన మొదటి వ్యక్తిని నేనేనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. జూలై 6న నాకు స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ పరీక్ష. ఇక జరగదు.

మా లాడ్జి ఓనరు తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, అంతా నువ్వే చూసుకో అమలా అని చెప్పి తిరుత్తణిలో వాళ్ళ అత్తగారింటికి వెళ్ళిపోయాడు. ఇరవై నాలుగు గదులు, ఒక జనరేటరు, ఒక చెడిపోయిన లిఫ్టు. నిన్నటిదాకా రిసెప్షనిస్టుని, ఈరోజు మేనేజరుని. అమ్మకు చెప్పాను. లోకం మునిగేముందర అందరికీ ఒక ప్రమోషన్ వస్తాదిలే అంది.

మా అమ్మ ఎస్తేరు ప్రభువు రాకడ కోసం సిద్ధపడుతోంది. అంటే కర్టెన్లు ఉతుకుతోంది.

జూన్ 16, మంగళవారం

రిసెప్షన్ బల్ల మీద అట్టముక్క నిలబెట్టాను. "డిటెక్టివ్. ఫీజు లేదు."

ఊళ్ళో జనమంతా పాత మొక్కులు తీర్చుకుంటున్నారు. ఏడో తరగతి నుంచీ నా మొక్కు ఇదే.

సాయంత్రానికి ఒక్క కేసు వచ్చింది. ఏడో నంబరు గది ఆయన, వేడినీళ్ళు ఎందుకు రావడం లేదో కనిపెట్టమన్నాడు. కనిపెట్టాను. ఆ గదిలో గీజరు లేదు.

తర్వాత పక్కసందులో మునస్వామి తాత దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న నీలం ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని నా తొలి విజయం గురించి చెప్పాను. తాత మంగలి. కొండ మీద లైను రోజుల తరబడి ఉండటంతో, ఎక్కలేనివాళ్ళంతా ఈయన దగ్గరే గుండు చేయించుకుంటున్నారు. కత్తి ఆపకుండానే, లేయ్‌మే, గిరాకీ వచ్చినారు, అది కూచ్చునే పీట అన్నాడు.

జూన్ 17, బుధవారం

అసలు కేసు వచ్చింది. బల్ల దగ్గర నిలబడే రాసేస్తున్నాను. రాత బాగాలేకపోతే అదే కారణం.

క్లయింటు రూపశ్రీ అక్క. ఊరు చిత్తూరు. గది 11. వెంట కూతురు చిట్టి, వచ్చే నెలకు మూడేళ్ళు నిండుతాయి. ఆ పిల్లకు నడుము దాటిన జుట్టు, ఉంగరాలు ఉంగరాలుగా. పుట్టినప్పటి నుంచి కత్తెర తగల్లేదట.

మా ఇళ్ళల్లో లేని ఆచారం కాబట్టి అక్క చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను. పుట్టువెంట్రుకలు స్వామికి ఇవ్వాలి. బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి. మొదటి మూడు కత్తెర్లు మేనమామే వేయాలి. చిట్టికి ఉన్నది ఒక్కడే మేనమామ, పేరు మునికుమార్. మూడేళ్ళుగా ఎక్కడున్నాడో తెలియదు. పోయిన వారం తిరుపతి బస్టాండులో దిగడం అక్కవాళ్ళ వీధిలో ఒకామె చూసిందట.

వరసకు మేనమామలయ్యేవాళ్ళు ఇంకెవరూ లేరా అన్నాను. ఉండారు చెల్లీ, ఏడుమంది ఉండారు. ఒళ్ళు మాత్రం మా అన్నదే గావాల అంది. అన్న ఎందుకు వెళ్ళిపోయాడంటే, పనికోసం అంది. అన్నప్పుడు నా వైపు చూడలేదు. చిట్టి గౌనుకు లేని దుమ్ము దులిపింది.

నోట్ చేసుకున్నాను గానీ అడగలేదు. డిటెక్టివ్‌గా నా మొదటి తప్పు.

పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళిందట. అక్కడ ఒకాయన చాలా ఓపికగా విన్నాడట. తన మేనమామ కూడా రెండు రోజులుగా కనపడటం లేదన్నాడట. ఇద్దరూ కాసేపు బాధపడ్డాక అక్క వచ్చేసింది.

జూన్ 18, గురువారం

అన్నది ఒకే ఒక్క ఫోటో ఉంది. ఒత్తుగా జుట్టు, పక్కపాపిడి, తోరణంలాంటి మీసం.

ఈ ఫోటో పట్టుకుని బస్టాండు, సత్రాలు, అలిపిరి అంతా తిరిగాను. పరిశోధనలో తేలిన సారాంశం: ప్రస్తుతం ఈ ఊళ్ళో జుట్టున్న మగాడు లేడు. మీసం కూడా లేదు. అందరూ గుండే, అందరి నెత్తినా గంధమే. మనిషిని గుర్తుపట్టకుండా చేయడానికి ఇంతకన్నా మంచి ఊరు భూమ్మీద లేదు. నేరస్థులెవరూ ఇన్నేళ్ళూ ఈ సంగతి కనిపెట్టకపోవడం మన అదృష్టం.

జూన్ 19, శుక్రవారం

ముగ్గురు మునికుమార్లు దొరికారు. ముగ్గురూ మనవాళ్ళు కాదు. మూడో ఆయన, నేను కాకపోయినా పర్వాలేదమ్మా, బిడ్డను ఒళ్ళో కూచ్చోబెట్టుకుంటా అన్నాడు. ఒంటరి మనిషి. కాఫీ ఇచ్చి పంపాను.

జూన్ 20, శనివారం

ఓడిపోయి మునస్వామి తాతకు ఫోటో చూపించాను. ముందే చూపించాల్సింది. రెండో తప్పు.

ఆయన ఫోటోను తిప్పి చూశాడు, వెనకవైపు ఏమైనా కనపడుతుందేమోనని. మొగమెవురికి గావాలమే, నెత్తి సూపీ అన్నాడు.

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కాదు. తాత పని చేసే పద్ధతే అది. ఆయన దగ్గర అద్దం ఉండదు. వచ్చినవాళ్ళను క్రేటు మీద కొండకు ఎదురుగా కూర్చోబెట్టి, తను వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుంటాడు. తల ఇచ్చేవాడు చూడాల్సింది స్వామిని గాని తన మొహాన్ని కాదట. అందుకని యాభై ఏళ్ళుగా ఆయన చూసినవన్నీ నడినెత్తులే. సుడి యాడుండాది, మచ్చ యాడుండాది చెప్పు, ఎన్నేండ్లయినా సరే మనిషిని చెప్తా అన్నాడు.

నెత్తి ఫోటో ఎవరు తీసుకుంటారు? ఈ దేశంలో ఆధార్‌కు వేలిముద్రలు తీసుకున్నారు, కళ్ళు తీసుకున్నారు, అసలైనది వదిలేశారు.

జూన్ 21, ఆదివారం

పొద్దున చర్చి. నిలబడటానికి చోటు లేదు. పదేళ్ళుగా పలకరించుకోని ఇద్దరు పెద్దమ్మలు ఒకే పాటల పుస్తకంలో చూసి పాడారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆమె చేతికి ఇంకా సబ్బు వాసన.

మధ్యాహ్నం అక్కను అడిగాను, అన్నయ్య నెత్తి మీద గుర్తులేమైనా ఉన్నాయా అని. అక్క చిట్టికి జడ వేస్తోంది. నవ్వింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. మా అన్నకు రెండు సుడులు. రెండు సుడులుంటే రెండు పెండ్లిండ్లంటారు గదా, పాపం వానికి ఒకటీ కాలేదు అంది. ఇంకో గుర్తు కూడా ఉందట. రెండో తరగతిలో తన బలపం తీసుకున్నాడని అక్క పలకతో కొట్టింది. పలక మూల దిగింది. నాలుగు కుట్లు.

తాతను పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని గాలిలో వేళ్ళు తిప్పాడు, ఎవరి తలో తడుముతున్నట్టు. తర్వాత తొడ చరిచాడు. రెండు సుడులు, నడాన పలక మూల! ఆ తల నాకు తెలీకుండా యాడికి పోతాది? రెండేండ్లు వరసగా జూలై రెండున వచ్చినాడు. ఈ తూరి రెండో తేదీనే లేదు గదా, పోయిన వారమే వచ్చి ఇచ్చేసి పోయినాడు. ఎవురి మొక్కు నాయనా అని అడిగితే, మా పాపది, పాప తల బదులు నా తల అన్నాడు అని చెప్పాడు.

అక్క చెయ్యి జడ మధ్యలో ఆగిపోయింది. జూలై రెండు చిట్టి పుట్టినరోజు.

సగం జడతోనే పిల్లను ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

జూన్ 22, సోమవారం

పదకొండో నంబరు తలుపు తెరుచుకోలేదు. గడప దగ్గర టీ, పాలు పెట్టాను. కాసేపటికి ఖాళీ గ్లాసులు కనిపించాయి. కడిగి పెట్టింది కూడా.

జూన్ 23, మంగళవారం

క్లయింటు నిజం చెప్పింది.

అక్కకు నొప్పులు మొదలైన రోజు అన్న తన టెంపోలోనే ఆస్పత్రికి బయల్దేరాడు. బండి వెనక నిండా తోతాపురి మామిడికాయలు. జ్యూస్ ఫ్యాక్టరీ దారిలోనే ఉంది. రెండు నిమిషాలు రూపా, లోడు దించేస్తే బండి తేలికై తొందరగా పోతాది అన్నాడు. ఈ జిల్లాలో తప్ప ఇంకెక్కడా పుట్టని ఆలోచన అది. ఫ్యాక్టరీ గేటు ముందు నలభై బండ్లున్నాయి. వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు. చిట్టి టెంపోలో, క్రేట్ల పక్కన పుట్టింది. తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంది.

పదో రోజు బిడ్డను చూడటానికి అన్న వచ్చాడు. అక్క అన్న మాట ఇది. కాయలకుండే విలువ నాకు లేకపోయె. నా బిడ్డ తల నీ ఒళ్ళో పెట్టేది ఈ జన్మలో లేదు.

అన్న టెంపో అమ్మేసి వెళ్ళిపోయాడు.

మూడేండ్లూ నేను వెతకను గూడా వెతకలేదు చెల్లీ, వాడే వస్తాడులే అనుకున్యా అంది. వరస మేనమామలు ఏడుగురూ పిలవకుండానే వచ్చి అడిగారట. ఎవరికీ ఇవ్వలేదు. ఆయన తన తల ఇస్తూ వచ్చాడు. ఈమె బిడ్డ తల ఇవ్వకుండా ఉంచింది. నేను స్టాటిస్టిక్స్ తప్పినదాన్నే గానీ ఈ మాత్రం లెక్క తెలుస్తుంది.

ఇంటికెళ్ళి కారణం లేకుండా అమ్మను వెనకనుంచి పట్టుకున్నాను. జ్వరమా అంది.

జూన్ 24, బుధవారం

తాతను మళ్ళీ విచారించాను. చిట్టి కూడా నా వెంట వచ్చింది. ఆ తల గురించి ఇంకేం గుర్తుందని అడిగాను. నడినెత్తిన జుట్టు పలచన, చుట్టకుదురు పెట్టే చోట, అంటే బరువులు మోసే తల అన్నాడు. చెవుల మీద, మెడ మీద మామిడి సొన కాలిన మచ్చలు అన్నాడు. అంటే మామిడి మండీలో హమాలీ.

గొప్ప పురోగతి. కానీ జిల్లా నిండా మండీలే. నాలుగు రోజుల్లో ఎన్ని తిరగను?

నీరసంగా క్రేటు మీద కూలబడ్డాను. చిట్టి కింద కూర్చుని దాని పక్కన తెల్లరంగు మీద వేలు పెట్టి, ఇదేం బొమ్మ అని అడిగింది. బొమ్మ కాదు, అక్షరాలు. వంగి చదివాను.

గుణశేఖర్ మండీ, దామలచెరువు.

ఇది యాడిదని తాతను అడిగాను. ఆ రెండు సుడుల ఆయప్ప ఇచ్చిందే గదా! వచ్చినపుడల్లా క్రేటు నిండా కాయలు తెచ్చిస్తాడు. ఒకటి ఈడ పీటగా ఏసినా, రెండు ఇంట్లో కోళ్ళమీద బోర్లించినా అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదయ్యా అంటే, నువ్వు తల గురించి గదా అడిగినావు అన్నాడు.

ఎనిమిది రోజులుగా ఆధారం మీద కూర్చుని ఆధారం కోసం వెతికిన డిటెక్టివ్‌ని చరిత్రలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. చరిత్ర ఇంకా నాలుగు రోజులే కాబట్టి రికార్డు పదిలం.

జూన్ 25, గురువారం

మా నాయన జయరావు ఆర్టీసీ డ్రైవరు. తిరుపతి నుంచి చిత్తూరుకు పోయి వచ్చే రేపటి ట్రిప్పుతో డీజిల్ సరి. అదే ఆఖరి బస్సు. దామలచెరువు ఆ రూటులో లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాయన బస్సును గీత దాటించలేదు. ఒకసారి రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు ఉంటే, అది అయ్యేదాకా ఆగి దాని వెనకే పోయాడు.

అన్నం తినేటప్పుడు కేసు మొత్తం చెప్పాను. తింటూ విన్నాడు. మజ్జిగ కూడా పోసుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ మండీ కాడ బస్సు తిప్పుకునేదానికి జాగా ఉండాదా పాపా అన్నాడు.

జూన్ 26, శుక్రవారం

చాలా రాయాలి. వరసగా రాస్తాను.

నేను, అక్క, చిట్టి కాక బస్సులో పాతిక మంది. ఊరు దాటగానే నాయన బస్సు ఆపి, లేచి నిలబడి, పోయేటిది పాకాల దోవన, దామలచెరువులో ఒక మేనమామను ఎక్కించుకోవాల, ఎవురికన్నా అర్జెంటుంటే చెప్పండప్పా అన్నాడు. ఎవరికీ లేదు. వెనక సీటు అవ్వ ఒకామె, మేనమామ లేకుండా ఎట్లయ్యా, పోనీ అంది.

మండీలో వ్యాపారం ఎప్పుడో ఆగిపోయింది, కాయలు ఆగలేదు. చెట్లు టీవీ చూడవు కదా. రైతులు తెచ్చి ఊరికే ఇస్తున్నారు, దారినపోయేవాళ్ళు ఊరికే తీసుకెళ్తున్నారు. హమాలీలు పదిమంది, అందరూ గుండ్లే. ఈసారి నేను మొహాలు చూడలేదు. మండీ అరుగెక్కి పైనుంచి నెత్తులు చూశాను. నాలుగో తల. రెండు సుడులు. నడుమ పలక మూల.

అన్నా, మీరు మునికుమార్ గదా అన్నాను. చుట్టకుదురు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెల్లెలు పంపిందని చెప్పాను. చిట్టి బస్సులో ఉందని చెప్పాను. ఆయన బస్సు వైపు చూశాడు గానీ కదల్లేదు. మా రూప ఈ జన్మలో లేదు అనింది. జన్మ ఇంకా రెండు దినాలుండాది గదమ్మా, దాని మాట నేనెట్ల తప్పించేది అన్నాడు.

నా డిటెక్టివ్ విద్య అక్కడితో సరి.

అక్క బస్సు దిగి వచ్చింది. ఎదురుగా నిలబడింది. సారీ చెప్పలేదు, ఏడవలేదు. తిట్టింది. ఏందిరా అట్ల నిలబడి సూస్తావు? ఆ మాట నెత్తిన పెట్టింది నేను. మూడేండ్లు మోసినావు. ఎత్తినోళ్ళే దించాల గదా, దించను వచ్చినా, తల వంచు అంది.

ఆయన నిజంగానే తల వంచాడు. అక్క ఆ గుండు మీద, మచ్చ మీద, రెండు చేతులూ పెట్టింది. నాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ హారన్ కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకూ తెలియదట.

అంతా బాగుంది కదా. అప్పుడు మా నిందితుడు అన్న మాట: రెండు నిమిషాలు రూపా, ఆ ట్రాక్టరు లోడు దించేసి వస్తా, పాపం రైతు నిలబడి ఉండాడు.

అక్క అన్నను చూసింది, ట్రాక్టరును చూసింది. అక్క కొంగు నడుముకు చుట్టి, క్రేటు ఒకటి ఎత్తి నడుం మీద పెట్టుకుని, యాడ పెట్టాల చెప్పు అంది.

బస్సులో పాతిక మందీ దిగారు. అవ్వ కూడా. రెండు నిమిషాలు కాదు, పదకొండు నిమిషాలు పట్టింది.

చిత్తూరువాళ్ళను దించి, ఖాళీ బస్సుతో తిరుపతి వచ్చేశాం. డిపోలో నాయన స్టీరింగును తువ్వాలుతో తుడిచి, తాళం జేబులో వేసుకున్నాడు.

జూన్ 27, శనివారం

కొత్త సమస్య. పాప ఆయన ఒళ్ళోకి వెళ్ళదు.

తప్పు లేదు. ఎప్పుడూ చూడని మనిషి, ఆరడుగులు, గుండు. దగ్గరికి రాగానే బిల్డింగు ఎగిరిపోయేలా ఏడ్చింది. అక్క బలవంతంగా కూర్చోబెట్టబోతే ఆయనే వద్దన్నాడు. దాన్ని తొందరపెట్టేది నా వల్ల ఒగసారి అయ్యింది, సాలు అన్నాడు.

పొద్దుటినుంచి లాడ్జి హాల్లో నేల మీద కూర్చున్నాడు. పిల్లను పిలవలేదు, చూడలేదు. మామిడికాయలు కోసి ఉప్పూకారం చల్లి పక్కన పెడుతూ పోయాడు. పదిన్నరకు ఒక ముక్క మాయమైంది. పదకొండున్నరకు నాలుగు. నేను రిసెప్షన్ బల్ల వెనక ఊపిరి బిగబట్టి నోట్స్ రాసుకున్నాను.

మూడు గంటలకు చిట్టి ఆయన వెనకకు వచ్చి గుండు మీద చెయ్యేసింది. మచ్చ తగిలింది. ఇక్కడేమైంది అని అడిగింది. మీ యమ్మ కొట్టింది అన్నాడు.

చిట్టి వాళ్ళమ్మ వైపు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఎక్కువ టైము లేదు కాబట్టి ఇది నిలబెట్టుకోగల మాట. తర్వాత నవ్వింది, ఆగకుండా, పడీపడీ. నవ్వీ నవ్వీ పడింది ఆయన ఒళ్ళోనే.

జూన్ 28, ఆదివారం, ఉదయం 11

అయింది.

నీలం క్రేటు మీద మేనమామ, ఆయన ఒళ్ళో చిట్టి, ఎదురుగా కొండ. మూడు కత్తెర్లు ఆయన వేశాడు. ఒక్కో కత్తెర ముందూ పాప చెవికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. మిగతాది మునస్వామి తాత. పాప ఏడవలేదు, మామిడిముక్క చీకుతూ కూర్చుంది. తలనీలాలు పసుపుగుడ్డలో మూటకట్టారు. ఎప్పుడు వీలైతే అప్పుడు పైకి చేరుస్తానని తాత మాటిచ్చాడు. ఎప్పుడు అని ఎవరూ అడగలేదు.

మా అమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చి గంధం అరగదీసింది. పాస్టరుగారికి తెలిస్తే తప్పంటారేమో అన్నాను. ఫోన్లు పనిచేయడం లేదు గదా, ఇంగ నన్నెవురు అడిగేది అంది.

చివర్లో తాత కత్తి ఆపాడు. పాప నెత్తి మీదికి వంగాడు. అందర్నీ పిలిచాడు.

రెండు సుడులు.

మూడేళ్ళు రోజూ దువ్విన తల. ఉంగరాల కింద అక్కకు ఒక్కరోజూ కనపడలేదు. మేనమామ చూసి, తన నెత్తి తడుముకుని, మళ్ళీ చూసి, పాపం దీనికీ పెండ్లి కాదేమో రూపా అన్నాడు. అక్క ఈసారి పలక కోసం వెతికింది.

జూన్ 28, సాయంత్రం 5:34

లాడ్జి మిద్దె మీద ఉన్నాం, అందరం. ఎనిమిదో కొండ కనపడుతోంది. పగటి చందమామ అంత ఉంది. అమ్మ నాయన చెయ్యి పట్టుకుంది.

చిట్టి మళ్ళీ గంధం పూయమంది. పూశాం. ఇంకా ఆరలేదు, చల్లగా ఉందంటోంది. వంతులేసుకుని ఊదుతున్నాం.

ఇప్పుడు నా వంతు.